నెట్‌వర్క్ కార్డుకు వాస్తు

కోదాడ దాటాక హైవే పక్కన ఉండే మా ఇంజనీరింగ్ కాలేజీలో ధర్మేందర్ ఏడేళ్లు పనిచేశాడు. ఆ ఏడేళ్లలో ఏ కంప్యూటర్ మొరాయించినా, ఏ వైరును ఎలుకలు కొరికినా, ప్రిన్సిపాల్ గారి పాస్‌వర్డ్‌ను ప్రిన్సిపాల్ గారే మర్చిపోయినా పిలిచింది అతన్నే. హాజరు పట్టీలో మాత్రం అతను ల్యాబ్ అటెండర్. 2006లో పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని ఉద్యోగానికి వచ్చినప్పుడు ఖాళీగా ఉన్నది అటెండర్ పోస్టు ఒక్కటేనట. ముందు చేరు, తర్వాత చూద్దాం అన్నారు. మా కాలేజీలో తర్వాత చూద్దాం అనే మాటకు కాలపరిమితి లేదు. లెక్కల లెక్చరర్‌గా నేను చేరినప్పుడు నాకూ అదే చెప్పారు కాబట్టి నాకు బాగా తెలుసు.

అతనిది మాడుగులపల్లి దగ్గర ఒక ఊరు. తండ్రి జంగయ్యకు నూట ఇరవై గొర్రెలు. కొడుకు చదువుకుంటే మంద ఎవరు చూస్తారని జంగయ్య ఏనాడూ దిగులు పడలేదు. ఈ చదువుకు తగ్గ ఉద్యోగం ఎట్లాగూ ఎవరూ ఇవ్వరు, తిరిగి వస్తాడులే అని ధైర్యంగా ఉన్నాడు. మా మేనేజ్‌మెంటు ముఖం కూడా చూడకుండా దాని గురించి అంత సరిగ్గా అంచనా వేసిన మనిషి నాకు ఇంకొకరు తగల్లేదు.

ధర్మేందర్ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చొక్కా జేబులో పెన్ను ఉండదు, స్క్రూడ్రైవర్ ఉంటుంది. అడిగితే తప్ప మాట్లాడడు. అడిగితే మాత్రం ఎదుటివాడికి అర్థమయ్యేదాకా వదలడు. ఈ రెండో గుణం వల్లే మా స్టాఫ్‌లో చాలామందికి అతనంటే పడేది కాదు. కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద పెద్ద డిగ్రీలు ఉన్నవాళ్లు, తమకు తెలియనిది ఒక అటెండర్ చెబుతుంటే నిలబడి వినాలంటే మాటలా? చిన్నగా దగ్గి, "ఆ, అదే, నాకు తెలుసు" అని వెళ్లిపోయేవాళ్లు. వెళ్లిన పది నిమిషాలకు ఫోన్ చేసి మళ్లీ అడిగేవాళ్లు.

మా చైర్మన్ రాజారత్నం గారు కాలేజీ పెట్టకముందు మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపారు. మిల్లులో ఒక పక్క వడ్లు పోస్తే ఇంకో పక్క బియ్యం వస్తాయి కదా, చదువు కూడా అంతే అనుకున్నారు. బియ్యం సంగతి ఏమో గానీ ఊక మాత్రం ఏటా బాగానే వస్తోంది. 2012లో ఆయన హైదరాబాద్‌లో ఎవరి కాలేజీలోనో ఒక పెద్ద సర్వర్ చూసి వచ్చి, అంతకంటే పెద్దది తెప్పించారు. ఎందుకండీ అని అడిగే అలవాటు మా దగ్గర లేదు. ఆరు నెలలు అది అట్టపెట్టెలోనే ఉంది. వచ్చిన తల్లిదండ్రులకు అట్టపెట్టెనే చూపించేవారు, వాళ్లు అట్టపెట్టెకే దండం పెట్టినంత పని చేసి వెళ్లేవారు.

దాన్ని బయటికి తీసి పనిలో పెట్టింది ధర్మేందర్. ఒక్క యంత్రంలో నాలుగు యంత్రాలు నడిపించాడు. వాటిని వర్చువల్ మెషీన్లు అంటారు. ఒక పెద్ద ఇంట్లో నాలుగు కుటుంబాలు కిరాయికి ఉన్నట్టన్నమాట. ఇల్లు ఒక్కటే, ఒకరి సంసారం ఇంకొకరికి తెలియదు. ఒకదాంట్లో లైబ్రరీ, ఒకదాంట్లో విద్యార్థుల హాజరు, ఒకదాంట్లో ల్యాబ్ పనులు. నాలుగోది ఖాళీ. బయటికి వెళ్లడానికి మాత్రం అందరికీ ఉమ్మడి వాకిలి ఒక్కటే, అది సర్వర్ నెట్‌వర్క్ కార్డు. ఆ వాకిట్లో ఇంటి ఓనరు కూర్చుని ఎవరికి వచ్చింది వాళ్లకు అందిస్తుంటాడు. ఇదంతా ధర్మేందర్ నాకు చెప్పిన పద్ధతే. నేను దగ్గకుండా విన్నాను కాబట్టి ఇప్పటికీ గుర్తుంది.

2013 వేసవిలో ఆన్‌లైన్ పరీక్షలు జరిపే హైదరాబాద్ కంపెనీ ఒకటి కోదాడలో సెంటర్ కోసం వెతుకుతూ మా గేటు ముందు ఆగింది. వాళ్లకు ఒక షరతు ఉంది. పరీక్ష నడిపే యంత్రానికి నెట్‌వర్క్ కార్డు సొంతంగా ఉండాలి, మధ్యలో ఇంకెవరి చెయ్యీ పడకూడదు. మామూలు మాటల్లో చెప్పాలంటే దానికి వేరే సర్వర్ కొనమని అర్థం. చైర్మన్ గారికి ఇది నచ్చలేదు. ఇంత పెద్దది ఉండగా ఇంకోటి ఎందుకు, దీంట్లోనే పెట్టండి అన్నారు. మా కంప్యూటర్ సైన్స్ విభాగమంతా పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ ధర్మేందర్, అయితది సార్ అన్నాడు. పాస్‌త్రూ అనే పద్ధతి ఒకటి ఉందట. ఓనరు ఒక వాకిలి మీద తన హక్కు పూర్తిగా వదులుకుని, తాళంచెవి ఒక్క కిరాయిదారు చేతికే, అంటే ఇక్కడ పరీక్ష నడపబోయే ఆ ఖాళీ నాలుగో యంత్రానికే, ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత ఆ వాకిట్లోంచి ఎవరు వచ్చినా, ఎవరు పోయినా ఓనరుకు సంబంధం లేదు. అట్లా అయితే మాకు అభ్యంతరం లేదని కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు.

ఇంటి ఓనర్లు తాళంచెవులు తేలిగ్గా ఇవ్వరు. సర్వర్ కూడా ఇవ్వలేదు. రెండో నెట్‌వర్క్ కార్డు తెచ్చి సర్వర్ పెట్టె వెనక బిగించాక, ధర్మేందర్ దానితో మూడు వారాలు కుస్తీ పట్టాడు. ముందు సర్వర్ లోపలి సెట్టింగుల్లో ఒక మీట వెయ్యాలి. ఆ మీటను తయారుచేసినవాళ్లు దానికి సంబంధం లేని పేరు పెట్టి మూడో పేజీలో దాచారు. దాన్ని కనిపెట్టడానికే నాలుగు రోజులు. తర్వాత ఒక మధ్యాహ్నం పొరపాటున ఏ కార్డు మీదుగా తాను కింది ల్యాబ్‌లోంచి సర్వర్‌తో మాట్లాడుతున్నాడో ఆ కార్డునే పరీక్ష యంత్రానికి ఇచ్చేశాడు. మీట నొక్కడం, అతని స్క్రీన్ రాయిలా అయిపోవడం ఒక్కసారే జరిగాయి. ఇంట్లోవాళ్లు వీధిలోకి నెట్టి తలుపేసుకున్నట్టయింది. ధర్మేందర్ కాసేపు నవ్వుకుని, మానిటర్ ఎత్తుకుని మేడ మీది సర్వర్ గదికి బయల్దేరాడు. కీబోర్డు పట్టుకోమని సీనియర్ అటెండర్ ఫకీరాను అడిగితే, నువ్వూ అటెండర్‌వే, నేనూ అటెండర్‌నే, నీ కీబోర్డు నేనెందుకు మొయ్యాలని ఫకీరా న్యాయం మాట్లాడాడు. రికార్డు ప్రకారం అతని మాటలో తప్పు లేదు.

ఎట్టకేలకు అయింది. సర్వర్ ఆన్ చేసినప్పుడల్లా తన గూళ్లలో, అంటే స్లాట్లలో, కూర్చున్న కార్డులన్నిటికీ వరసగా నంబర్లు ఇచ్చుకుంటుంది. కొత్త కార్డుకు నాలుగో నంబరు వచ్చింది. నాలుగో నంబరు కార్డును పరీక్ష యంత్రానికి అప్పజెప్పు, అని ధర్మేందర్ రాసి పెట్టాడు. కంపెనీ ఇంజనీర్లు వచ్చి రెండు పూటలు పరీక్షించి, ఈ మూల ఇట్లాంటి పని ఎవరు చేశారని అడిగి, అతనికి చెయ్యి కలిపి వెళ్లారు. జూన్‌లో ఒక ఆదివారం మొదటి పరీక్ష ఖాయమైంది.

అదే సమయంలో ధర్మేందర్‌కు ఒక నోటిఫికేషన్ కనబడింది. ఏదో ప్రభుత్వ పథకం కింద జిల్లాకు ఐదుగురు నెట్‌వర్క్ ఇంజనీర్లు కావాలి. డిప్లొమా చాలు, కానీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా ఐదేళ్లు పనిచేసినట్టు సర్టిఫికెట్ ఉండాలి. నల్లగొండలో దరఖాస్తు ఇవ్వడానికి ఆఖరి రోజు పరీక్ష ఆదివారం తర్వాత వచ్చే మంగళవారం. అతనికి వయోపరిమితి ఆ ఏటితో సరి. వచ్చే ఏడాది మళ్లీ పోస్టులు పడినా అతను అడగడానికి లేదు. ఏడేళ్లుగా చేస్తున్న పనికి ఒక పేరు, ఆ పేరు రాసిన ఒక్క కాగితం, అతనికి కావాల్సింది అంతే. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు అతని గొంతులో ఎప్పుడూ లేని బతిమాలాట వినిపించింది.

"సర్టిఫికెట్‌ల సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అని రాస్తే సాలు సార్. చేసిన పని పేరే రాయుండ్రి, ఎక్కువ ఒద్దు. జర సైర్మన్ సార్‌తోని ఒక మాట చెప్పుండ్రి."

చెప్పాను. నేను చెప్పినందుకు కాదు గానీ, చైర్మన్ గారు కూడా ఆ వారం మంచి ఊపు మీద ఉన్నారు. ధర్మేందర్‌ను వరండాలో ఆపి, పరీక్ష సజావుగా జరగనియ్యి, సోమవారం పొద్దున్నే సంతకం పెట్టి ఇస్తానన్నారు. ధర్మేందర్ ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగాడు. అతనికి ఈల వెయ్యడం వచ్చని ఏడేళ్లలో మాకు తెలియదు.

పరీక్ష ముందురోజు, శనివారం, అతను సూర్యాపేటలో ఉన్నాడు. సెంటర్ల సిబ్బందికి కంపెనీవాళ్లు అక్కడ ఒక రోజు శిక్షణ పెట్టారు. అదే రోజు చైర్మన్ గారు కొత్త గేటుకు స్థలం చూపించమని వాస్తు సిద్ధాంతి గారిని తీసుకొచ్చారు. సిద్ధాంతి గారు గేటు సంగతి ఐదు నిమిషాల్లో తేల్చేశారు. భోజనానికి ఇంకా గంట టైముంది. ఆ గంట మా ప్రాణం మీదికి వచ్చింది. కాలేజీ అంతా తిరిగి చూస్తామన్నారు. పరీక్షా కేంద్రం కమిటీ సభ్యుడిని కాబట్టి వాళ్ల వెనక నేనూ నడిచాను.

సర్వర్ గదిలో అడుగు పెట్టగానే సిద్ధాంతి గారి ముఖం మారింది. పెట్టె ఈశాన్యంలో ఉంది. ఈశాన్యంలో బరువు ఉండకూడదు, కరెంటుతో నడిచేది ఆగ్నేయంలో ఉండాలి. అంతవరకైతే బల్ల జరిపితే పోయేది. ఆయన పెట్టె వెనక్కి వెళ్లి, రేపటి పరీక్ష వైరు ఏదని అడిగారు. ఫకీరా చూపించాడు. అది దక్షిణం వైపు గూట్లోంచి బయటికి వస్తోంది. రేపు పిల్లలు రాసే జవాబులన్నీ యముడి దిక్కుగా బయటికి పోతాయని సిద్ధాంతి గారు మెల్లగా, చాలా బాధపడుతూ చెప్పారు. చైర్మన్ గారు కుర్చీలో కూలబడ్డారు. ఉత్తరం కుబేరుడి దిక్కు, అటువైపు ఒక గూడు ఖాళీగానే ఉంది. పెట్టెనే తిప్పి పెడితే దక్షిణం గూడు ఉత్తరం గూడు అయిపోతుంది గదా అని లెక్కల మనిషిగా నాకు తోచింది. అడిగితే, అప్పుడు పెట్టె ముఖం పడమరకు తిరుగుతుందన్నారు. శాస్త్రం అన్నాక అన్నీ చూసుకోవాలి మరి.

కోదాడ బజారులో కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించారు. పెట్టె మీద ధర్మేందర్ అతికించిన కాగితం ఉంది. విప్పే ముందు ఫోన్ చేయగలరు అని రాసి, కింద తన నంబరు వేశాడు. సిద్ధాంతి గారు మంచి మనసుతో సరిగ్గా దాని మీదే పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టారు. అయినా నంబరు కనబడుతూనే ఉంది. కనబడకపోయినా నా ఫోన్‌లో ఆ నంబరు ఉంది. ఒకసారి ధర్మేందర్‌ను అడుగుదామా అని ప్రిన్సిపాల్ గారు నసిగారు.

"కార్డు పక్క గూట్లోకి మార్చడానికి అటెండర్ పర్మిషన్ ఎందుకండీ?" అన్నారు చైర్మన్ గారు.

నేను నోరెత్తలేదు. సోమవారం గణిత విభాగానికి అధిపతిని ప్రకటించబోతున్నారు. అనుకుంటున్న రెండు పేర్లలో ఒకటి నాది. కారణం ఇంతే, దీన్ని అందంగా చెప్పే దారి నాకు తెలియదు. ఫకీరా మీట నొక్కి సర్వర్ ఆపాడు, బజారు నుంచి వచ్చినతను కార్డు ఊడదీసి ఉత్తరం గూట్లో బిగించాడు, పెట్టె ఆగ్నేయానికి చేరింది. ఎవరూ దాన్ని మళ్లీ ఆన్ చేసి చూడలేదు, ఆ పూట ఇక యంత్రాలను కదిలించవద్దని సిద్ధాంతి గారు చెప్పారు. తర్వాత అందరం వెళ్లి భోజనం చేశాం. గుత్తివంకాయ కూర బాగుంది.

ఆదివారం ఏడింటికల్లా ధర్మేందర్ వచ్చాడు. పెట్టె ఇంకో మూలకు మారి ఉండటం చూసి ఏమిటని అడిగితే, వాస్తు కోసం జరిపారని చెప్పారు. కార్డు సంగతి ఎవరికి వారు ఇంకొకరు చెప్పే ఉంటారనుకున్నారు. గేటు బయట నూట ఎనభై మంది పరీక్ష రాసేవాళ్లు. హుజూర్‌నగర్, నేరేడుచర్ల వైపు నుంచి తెల్లారక ముందే బస్సులెక్కి వచ్చినవాళ్లు. ఎనిమిదింబావుకు ధర్మేందర్ సర్వర్ ఆన్ చేశాడు. అది లేచింది, అరనిమిషం నడిచింది, బిగుసుకుపోయింది. మళ్లీ ఆన్ చేశాడు. మళ్లీ అంతే.

జరిగింది ఏమిటంటే, కార్డు గూడు మారడంతో వరస మారి నంబర్లన్నీ తారుమారయ్యాయి. ఇప్పుడు నాలుగో నంబరు హార్డ్ డిస్కులను నడిపే కార్డుకు వచ్చింది. పరీక్ష యంత్రం నిద్ర లేవగానే, రాసి ఉన్నట్టే, నాలుగో నంబరు తాళంచెవి అడిగింది. ఓనరు మారుమాట్లాడకుండా ఇచ్చేశాడు. ఈసారి ఇచ్చింది వాకిలి కాదు, వంటిల్లు. ఇక ఆ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది?

ధర్మేందర్‌కు మొదట ఇది తెలియదు. మూడోసారి కూడా ఆగిపోయింది. ఎనిమిదీ నలభైకి కంపెనీ మనిషి చేతి గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు ధర్మేందర్ పెట్టె వెనక్కి వెళ్లి, కిందికి వంగి చూశాడు. కార్డును ఎవరు మార్చారని ఫకీరాను అడిగాడు.

"సిద్ధాంతిగారు సెప్పిండు, మార్సిండ్రు. అందరున్నరు గాడ," అన్నాడు ఫకీరా, నా వైపు చూస్తూ.

ధర్మేందర్ నేరుగా పనిలోకి దిగాడు. తిట్టినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. ముందు, సర్వర్ లోపలి సెట్టింగుల్లో తాను మొదట వేసిన ఆ మీటను తీసేసి సర్వర్‌ను లేపాడు. తాళంచెవులు ఇచ్చే పద్ధతే లేకపోవడంతో పరీక్ష యంత్రం లేవలేక ఊరుకుంది, మిగతా ఇల్లు నిలబడింది. ఏ కార్డుకు ఏ నంబరు వచ్చిందో ఒక్కొక్కటే చూసి, పరీక్ష కార్డుది ఇప్పుడు ఆరో నంబరని తేల్చుకుని రాసి, మీట మళ్లీ వేసి ఆన్ చేశాడు. తొమ్మిదింటికి మొదలవ్వాల్సిన పరీక్ష తొమ్మిదీ నలభైకి మొదలై, ఒక్క కంప్యూటర్ కూడా ఆగకుండా పూర్తయింది. ఈ లోపల చైర్మన్ గారు సిద్ధాంతి గారికి ఫోన్ చేశారు. తొమ్మిదింటికి దుర్ముహూర్తం ఉందని, ఉత్తరం దిక్కు కార్డే పరీక్షను ఆపి కాపాడిందని ఆయన సెలవిచ్చారు. ఆయనకు శాలువా కప్పాలని ఆ మధ్యాహ్నమే నిర్ణయమైంది.

సోమవారం పొద్దున కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. నలభై నిమిషాల ఆలస్యానికి కారణం పన్నెండింటిలోగా రాసి పంపమన్నారు, లేదంటే సెంటర్ రద్దు. వెంటనే ముగ్గురు సభ్యుల విచారణ కమిటీ పడింది. ప్రిన్సిపాల్ గారు, కాలేజీ ఆఫీసు వ్యవహారాలు చూసే, చైర్మన్ గారి బావమరిదైన ఏఓ గారు, నేను. యముడి దిక్కు గురించి హైదరాబాద్ కంపెనీకి రాయలేం కదా. కాబట్టి సిబ్బందిలో ఒకరి నిర్లక్ష్యమని రాయాలి. పరీక్ష సర్వర్‌ను అటెండర్ చూస్తున్నాడని రాస్తే కంపెనీవాళ్లు నవ్వుతారు, సెంటర్ పోతుంది. ఏఓ గారు ఆలోచించి, "మా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ శ్రీ ధర్మేందర్ నిర్లక్ష్యం వల్ల" అని ఇంగ్లీషులో చక్కగా రాయించారు. ఏడేళ్లలో ధర్మేందర్‌కు ఆ పేరు కాగితం మీద దక్కింది అదే మొదటిసారి. ముగ్గురం సంతకాలు పెట్టాం. విచారణ పదిహేను నిమిషాలు పట్టింది, అందులో పది టీ రావడానికి. ధర్మేందర్‌ను పిలవలేదు.

పన్నెండున్నరకు నోటీసు బోర్డు మీద గణిత విభాగం అధిపతిగా నా పేరు పెట్టారు. బోర్డు దగ్గర నాకు మొట్టమొదట చెయ్యి కలిపింది ధర్మేందర్. అతను అప్పుడు చైర్మన్ గారి గది బయట తన వంతు కోసం నిలబడి ఉన్నాడు.

మూడింటికి అతన్ని లోపలికి పిలిచారు. విభాగాధిపతిని కాబట్టి నాకు అప్పటికి లోపల కుర్చీ ఉంది. చైర్మన్ గారు ప్రేమగానే మాట్లాడారు.

"రికార్డులో నువ్వు అటెండర్‌వి. నేను వేరేగా రాసిస్తే అబద్ధం అవుద్ది కదయ్యా. మన కాలేజీ నుంచి ఇంతవరకు ఒక్క అబద్ధపు కాగితం బయటికి పోలేదు."

రిపోర్టు బయటికి పోయి అప్పటికి మూడు గంటలైంది. దాని నకలు నా సంచీలోనే ఉంది. ధర్మేందర్ నా వైపు ఒక్కసారి చూశాడు. నేను బల్ల మీది పేపర్‌వెయిట్‌ను తిప్పుతూ కూర్చున్నాను. ల్యాబ్ అటెండర్‌గా శ్రద్ధగా పనిచేశాడు అని ఉన్న సర్టిఫికెట్ అతని చేతికిచ్చారు. మంగళవారం అదే పట్టుకుని నల్లగొండ వెళ్లాడు. తీసుకునే గుమాస్తా పైనుంచి కిందికి చదివి, బాబూ, ఇది ఊడ్చేవాళ్ల ఉద్యోగాలకు కాదని వెనక్కిచ్చాడట.

బుధవారం ధర్మేందర్ నా గదికి వచ్చి ఒక నోటుబుక్కు బల్ల మీద పెట్టాడు. రిపోర్టు సంగతి అడగడానికే వచ్చాడనుకున్నాను. కానీ అతను వచ్చింది వేరే పని మీద. నల్లగొండ నుంచి ఊరికి వెళ్లి, జరిగినదంతా తండ్రికి చెప్పాడట. జంగయ్య బీడీ కాలుస్తూ అంతా విని, తప్పు ఆ బొట్టు పెట్టినాయనది ఒక్కటే కాదు, నీది కూడా ఉందన్నాడట.

"నిలవడ్డ జాగను జూసి గొర్రెను గుర్తువడ్తరా బిడ్డా, చెవి మీది గాటు జూసి గుర్తువట్టాలె గానీ, అన్నడు సార్ మా నాయిన," అని ధర్మేందర్ చెప్పాడు. చెబుతూ కొంచెం నవ్వాడు కూడా.

ప్రతి నెట్‌వర్క్ కార్డు మీదా తయారుచేసిన రోజే కంపెనీవాడు చెక్కిన సొంత నంబరు ఒకటి ఉంటుంది. గూడు మారినా అది మారదు. సర్వర్ ఆన్ కాగానే గూళ్లన్నీ వెతికి, ఆ చెక్కిన నంబరు ఉన్న కార్డు ఎక్కడుందో చూసి, దాన్నే పరీక్ష యంత్రానికి అప్పజెప్పేట్టు ధర్మేందర్ ఆ పొద్దున్నే చిన్న ప్రోగ్రామ్ రాసి పెట్టాడు. ఇక కార్డును ఏ దిక్కున పెట్టుకున్నా ఫర్వాలేదన్నాడు. నోటుబుక్కులో అన్నీ పేజీల వారీగా రాశానని, తన తర్వాత వచ్చేవాళ్లకు ఇవ్వమని చెప్పి వెళ్లాడు. రిపోర్టు సంగతి ఎత్తలేదు. అతనికి తెలియదన్నమాట అని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ నెలాఖరుకు అతను ఉద్యోగం మానేశాడు. వీడ్కోలు సభ జరపలేదు, అటెండర్లకు జరిపే ఆనవాయితీ లేదు.

2014 ఎండాకాలంలో మా చైర్మన్ గారికి పాత సిద్ధాంతి మీద మనసు విరిగి కొత్త సిద్ధాంతి దొరికాడు. విద్యకు సంబంధించింది ఈశాన్యంలోనే ఉండాలని ఈయన అభిప్రాయం. పెట్టె మళ్లీ పాత మూలకు వెళ్లింది, కార్డు ఇంకో గూట్లోకి మారింది. మర్నాడు పరీక్ష. నేను పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని సర్వర్ గదిలో నిలబడ్డాను. సరిగ్గా తొమ్మిదింటికి పరీక్ష మొదలైంది. ఒక్క నిమిషం తేడా లేదు. చూశారా, దిక్కు సరిగ్గా ఉంటే ఎట్లా నడుస్తుందో అని చైర్మన్ గారు అందరికీ చెప్పారు. ఆ సాయంత్రం రెండో శాలువా కప్పారు. ఆ సభలో చప్పట్లు కొడుతుంటే నాకు సిగ్గేసింది. ఆలస్యంగానే, కానీ నిజంగా వేసింది.

అప్పటికి నా దగ్గర విభాగం లెటర్‌హెడ్ ఉంది, ముద్ర ఉంది. ధర్మేందర్ మా కాలేజీలో ఏడేళ్లు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేశాడని, ఇట్లాంటి పనివాణ్ణి నా సర్వీసులో చూడలేదని నా చేత్తో రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాను. అది పట్టుకుని ఆదివారం మిర్యాలగూడ బస్సెక్కాను. దారి పొడుగునా నేను చాలా మంచి పని చేస్తున్నానని నాకు అనిపిస్తూనే ఉంది.

ధర్మేందర్ అక్కడ ఒక బియ్యం మిల్లులో, బియ్యంలోంచి నల్ల గింజలు ఏరే యంత్రాన్ని చూసుకుంటున్నాడు. జేబులో స్క్రూడ్రైవర్ అట్లాగే ఉంది. నన్ను చూసి సంతోషించాడు, కుర్చీ తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. జంగయ్య బాగున్నాడని, మంద కొంచెం తగ్గిందని చెప్పాడు. నేను కవరు ఇచ్చాను. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, కాగితం తీసి, నెమ్మదిగా మొత్తం చదివాడు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అనే మాట దగ్గర వేలు ఆగింది. తర్వాత వేలు కిందికి జరిగి నా సంతకం దగ్గర ఆగింది.

"కంపెనీకి వంపిన కాగితంల గూడ గిట్లనే ఉండెనంట గద సార్," అన్నాడు. "నా పేరు, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అని, కింద మీ సంతకం. గా కంపెనీ ఇంజనీరే ఫోన్ జేసి సెప్పిండు. తప్పు నాదే అని రాసినా పర్వలేకుండె సార్. సోమారం గా నకలు నా చేతిల వెడితే, దాన్నే నల్లగొండల ఇచ్చెటోన్ని. గప్పటికి ఆఖరి తారీఖు దాటలే."

కోపంగా అనలేదు. కాగితాన్ని మడతల మీదే మడిచి కవర్లో పెట్టి, కవరు నా చేతికి ఇచ్చి, యంత్రం ఆగినట్టుంది, ఇప్పుడే వస్తానని లోపలికి వెళ్లాడు. యంత్రం ఆగలేదు. దాని చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.